ఒక్క చెరువు పట్టుకోండి: తిరుపతి పరిసరాల్లో నీటి పక్షుల్ని చూడటం, ఫొటో తీయడం

మా చెరువులో ఒకాయన లారీ ట్యూబు మీద కూర్చుని వల వేస్తాడు. ఆయనకు పది అడుగుల దూరంలో, నీళ్లలో నిలబడిన ఎండు తుమ్మ మోడు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. ఆయన పక్కనుంచే పోయినా కదలవు. నేను కట్ట మీద, డెబ్భై అడుగుల అవతల నిలబడి కెమెరా ఎత్తితే చాలు, అన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. మొదటి ఏడాదంతా ఇదే వరస. చివరికి సిగ్గు విడిచి ఆయన్నే అడిగాను.

"నన్ను అవి లెక్క చేయవు సామీ. నేను వలకల్లా చూసుకుంటా ఉంటాను. మీరేమో వాటికి గురి పెడతారు" అన్నాడు.

తర్వాత నేను మార్చుకున్న పద్ధతంతా ఆ మాట పట్టుకుని మార్చుకున్నదే. దాన్ని వరసగా చెబుతాను.

1. దగ్గరి చెరువు చూసుకోండి

ఇంటి నుంచి బండి మీద ఇరవై నిమిషాల్లో చేరగలిగేదే మంచి చెరువు. అంతకు మించితే మూడో వారానికి అలారం ఆపేసి పడుకుంటారు, నా అనుభవం అది. తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు, చిత్తూరు, ఏ పక్కకు పోయినా ఊరికో చెరువు, దాని కింద ఆయకట్టు ఉన్న నేల మనది. కొన్ని చెరువుల్ని ప్లాట్లు మింగేశాయి, కొన్నింటిలోకి మురుగు వదిలేశారు. మిగిలినవాటిలో ఒకటి మీకు చాలు.

రాయలచెరువు లాంటి పెద్ద నీళ్లతో మాత్రం మొదలుపెట్టకండి. 2021 నవంబర్ వానలకు కట్టలోంచి నీళ్లు ఊరితే కింది ఊళ్లను ఖాళీ చేయించిన చెరువు అది. చూడటానికి సముద్రం. ఫొటోకు వచ్చేసరికి బాతులన్నీ నడి నీళ్లలో నల్ల చుక్కలు. పది, పదిహేను ఎకరాల కుంట అయితే పక్షికీ మీకూ మధ్య దూరం తక్కువ.

ఆ కుంటలో ఏం ఉండాలి? ఒక పక్క లోతు తక్కువగా, బురద ఒడ్డు ఉండాలి. ఏదో ఒక మూల జమ్ము, తుంగ పెరిగి ఉండాలి. నీళ్లలో ఎండిన చెట్టో, పాతిన గుంజో కనిపించాలి. తూము దగ్గర కాస్త పారే నీళ్లు ఉంటే ఇంకా మేలు. గుర్రపుడెక్క మొత్తం కప్పేసిన చెరువును వదిలేయండి. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిస్తే కట్ట ఏ దిక్కున ఉందో, బండి ఎక్కడిదాకా పోతుందో పడుకునే ముందే తేల్చుకోవచ్చు. కట్ట దిక్కు ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

2. మొదటి నాలుగు ఉదయాలు కెమెరా ఇంట్లోనే

ఇది చెబితే అందరికీ కోపం వస్తుంది. కొత్త లెన్సు కొన్నవాడికి మరీ. అయినా వినండి. చేతిలో కెమెరా ఉంటే కనబడిన మొదటి కొంగ వెంట పడతాం, చెరువును చూడం.

ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు తీసుకుపోండి. చెరువు బొమ్మ చేత్తో గీయండి, వంకర పోయినా పర్వాలేదు. ఏ మోడు మీద ఏది వాలుతోందో, ఎన్ని గంటలకో రాయండి. రాళ్ల మీద, కొమ్మల కింద తెల్ల రెట్టలు ఉన్నాయంటే అది రోజూ కూర్చునే చోటు. రెట్ట లేని అందమైన కొమ్మ ముందు రోజంతా కాసినా దండగే.

పేర్లు తెలియకపోతే కంగారు పడొద్దు. ముందు ఈ ఆరూ గుర్తుపట్టండి. గుడ్డికొంగ ఒడ్డున మట్టి రంగులో కలిసిపోయి నిలబడుతుంది, లేచిందంటే తళుక్కున తెల్ల రెక్కలు. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా లేవదు, అందుకే దానికి ఆ పేరు. నీటికాకి నల్లగా, మునిగి లేస్తుంది. బొల్లికోడి ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్లటి పట్టీ, మన ఊరి పక్షి గదా, నామం పెట్టుకుందనుకోండి. మునుగుడు కోడి పిడికిలంత ఉంటుంది, చూస్తుండగానే బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలుతుంది. లకుముకి పిట్ట సంగతి వేరే చెబుతాను. ఆరోది తీతువు. పొలాల్లో, ఒడ్డున పరుగులు పెడుతూ మిమ్మల్ని చూడగానే ఊరంతా వినపడేలా అరుస్తుంది. దాని అరుపు అపశకునమని మా నాయనమ్మ అనేది. ఫొటో తీసేవాళ్లకు మాత్రం నిజంగానే అపశకునం, ఎందుకంటే అది అరిచిందంటే చెరువులోని పక్షులన్నీ మెడలెత్తుతాయి.

మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. కూత వినిపించినా, ఫొటో చూపించినా పేరు సూచిస్తుంది. బాగానే పనిచేస్తుంది గానీ దాని మాటే వేదం అనుకోకుండా ముక్కు, కాళ్లు, తోక మీ కళ్లతో చూసుకోండి.

3. ఏ నెలలో ఏముంటుంది

తిరుపతి పక్క పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మొరవ (అలుగు) పోయేంతగా చెరువు నిండితే జనానికి పండగ, మనకు కొన్నాళ్లు ఉపవాసం. ఒడ్డంతా మునిగిపోయి, బురదలో నడిచి మేసే పక్షులకు కాలు మోపే చోటుండదు. అంచులు తేలేదాకా ఓపిక పట్టాలి.

డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరాది నుంచి వలస వచ్చినవి ఉంటాయి. సూదితోక బాతులు, గార్గనీ బాతులు, ఒడ్డున తోక ఆడించే ఉల్లంకులు, వాగ్‌టెయిల్‌లు. ఉదయం మంచు పొగ నీళ్ల మీద నిలిచే రోజులు కూడా ఇవే. ఈ నెలల్లో ఒక ఆదివారం గూడబాతుల కోసం నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోయిరండి. 2022లో జిల్లాలు విడదీశాక అదీ పులికాట్ సరస్సు వైపూ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. పోయిరండి, మళ్లీ మీ కుంటకు రండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం ఎవరూ ఇష్టపడనిది, మార్చి నుంచి మే దాకా. నీళ్లు ఇంకి చెరువు సగమైపోతుంది. చేపలు, నత్తగుల్లలు మిగిలిన మడుగులో చిక్కుకుంటాయి. వాటి కోసం తెల్లకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, ముక్కు మధ్యలో సందుండే ఓపెన్‌బిల్ కొంగలు అన్నీ ఒకేచోట చేరతాయి. ఓపెన్‌బిల్ నత్తగుల్లను నీళ్లలోనే పట్టుకుని, ముక్కు కొనతో లోపలి కండను లాగి తినడం ఒకసారి చూస్తే మళ్లీ చూడాలనిపిస్తుంది. ఎనిమిదిన్నరకల్లా ఎండ మండిపోతుంది కాబట్టి పని ఆరింటికి మొదలై ఎనిమిదికి ముగియాలి.

జూన్ నుంచి గిజిగాళ్ల కాలం. మగదానికి తల పసుపు పచ్చగా మారుతుంది. నీళ్ల మీదికి వంగిన కొమ్మకు గూడు సగం అల్లి, రెక్కలాడిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. అది వచ్చి లోపల చూసి, నచ్చితేనే మిగతా సగం. నచ్చక వదిలేసిన సగం గూళ్లు కొమ్మకు ఎన్ని వేలాడుతున్నాయో లెక్కపెట్టండి, పాపం అనిపిస్తుంది.

4. ఎండ, గాలి: ఎటు కూర్చోవాలో అవే చెబుతాయి

ఇది ఒక్కటి పట్టుబడితే సగం ఫొటోలు వాటంతటవే బాగుపడతాయి.

ఎండ సంగతి సులువు. మీ నీడ పక్షి వైపు పడాలి. అంటే సూర్యుడు మీ వీపు వెనక. అప్పుడు రంగు తేటగా వస్తుంది, పక్షి కంట్లో వెలుగు చుక్క పడుతుంది. ఆ చుక్క లేని పక్షి ఫొటోలో బొమ్మలా ఉంటుంది. కాబట్టి పొద్దున చెరువుకు తూర్పు ఒడ్డున, సాయంత్రం పడమటి ఒడ్డున. డిసెంబర్, జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో గానీ రాడు, అంతకు అరగంట ముందే మీ చోట్లో ఉండాలి.

గాలి గురించి చాలామంది పట్టించుకోరు. పక్షి సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. చలికాలంలో మనకు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి. మీరు తూర్పు ఒడ్డున ఉన్నారు, ఎండా గాలీ రెండూ మీ వెనకే. అంటే నీళ్ల మీదికి దిగే బాతు దాదాపు మీ ముఖం మీదికే రెక్కలు చాచుకుని వస్తుంది. అదే చలికాలం సాయంత్రం పడమటి ఒడ్డున కూర్చుంటే ఎండ బాగుంటుంది గానీ తోకలే వస్తాయి. జూన్, జూలైలో గాలి పడమటి నుంచి తిరుగుతుంది, అప్పుడు సాయంత్రాలు పనికొస్తాయి. నేను రెండు చలికాలాలు సాయంత్రం పూట తీసిన బాతుల తోకలు హార్డ్ డిస్క్ నిండా ఉన్నాయి. అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

చిటికెడు మట్టి జారవిడిస్తే గాలి ఎటో తెలుస్తుంది. ఆడే జమ్ము కంకుల్ని చూసినా సరే.

5. నడవొద్దు, కూర్చోండి

మళ్లీ ట్యూబు మీద ఆయన దగ్గరికి వద్దాం. ఆయన్ని పక్షులు ఎందుకు ఓర్చుకుంటాయో వారం రోజులు గమనించాను. నీళ్ల మట్టానికి దగ్గరగా, కిందగా ఉంటాడు. ఆకాశం మీద మనిషి ఆకారంగా కనబడడు. చేతులు మెల్లగా కదులుతాయి. ఏ పక్షి వైపూ నేరుగా పోడు. రోజూ అదే వేళకు, అదే చోటికి వస్తాడు.

మీరూ అదే చేయండి. కట్ట మీద నిలబడకుండా లోపలి వాలు దిగి, నీటి అంచుకు కాస్త ఎగువన పొదో బండరాయో వెనక పెట్టుకుని కూర్చోండి. వెనక ఏదో ఒకటి ఉంటే మీ ఆకారం అందులో కలిసిపోతుంది. మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ బట్టలు చాలు, సైనికుడి వేషం అక్కర్లేదు. తెల్ల చొక్కా మాత్రం వద్దు. చోటికి పోయేటప్పుడు పక్షి వైపు నేరుగా కాకుండా, పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా నడవండి. కూర్చున్నాక పావుగంట కెమెరా ఒళ్లోనే ఉంచండి. ఆ తర్వాత కూడా గబుక్కున ఎత్తకుండా, ముందే మోకాలి మీద ఆనించి ఉంచితే మీరు కదిలేది వేలు మాత్రమే.

పక్షి మేత ఆపి మెడ సాచిందంటే, లేదా మీకు వీపు తిప్పి అడుగులు వేస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అక్కడే ఆగండి. మళ్లీ మేత మొదలుపెడితే సరే. పెట్టకపోతే రెండడుగులు వెనక్కి జరగండి. రాయి విసిరి లేపి ఎగిరే ఫొటో తీసేవాళ్లను చూశాను. అలా లేచిన పక్షి భయంతో దూరం పోతుంది, ఫొటోలో దాని తోకే పడుతుంది.

కట్ట మీద దారి ఉంటే కారులోంచి, అద్దం దించి, కింద బియ్యపు సంచో దిండో పెట్టి తీయడం బాగా కుదురుతుంది. ఇంజను ఆపేయాలి.

6. సామాను, క్లుప్తంగా

ముందు బైనాక్యులర్ కొనండి, కెమెరా తర్వాత. 8x42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల ముందు అద్దం కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు బాగా వస్తుంది. పన్నెండు, పదహారు రెట్లవి చేతిలో ఊగిపోతాయి.

లెన్సుకు కనీసం 300 మిల్లీమీటర్లు కావాలి, 400 అయితే హాయి. 150-600 జూమ్‌లు బాగుంటాయి గానీ బరువు, మొదటి ఏడాదికి అవసరం లేదు. ఫోనే ఉంటే చెరువును, పొగమంచును, వల వేసే మనిషి వెనక లేచే కొంగల గుంపును తీయండి. దూరపు పక్షిని ఫోన్‌లో జూమ్ చేసి మచ్చ చేసుకోవద్దు. బైనాక్యులర్ ఒక కంటి గొట్టానికి ఫోన్ కెమెరా ఆనించి తీస్తే గుర్తుపట్టడానికి పనికొచ్చేంత బొమ్మ వస్తుంది.

7. కెమెరాలో ఏం పెట్టాలి

షట్టర్ స్పీడు ముందు. కూర్చున్న పక్షికి 1/500 సెకను, నడిచి మేసేదానికి 1/1000, ఎగిరేదానికి 1/2000. లెన్సు ఎంత తెరుచుకుంటే అంత తెరవండి, మామూలు జూమ్‌లకు అది ఎఫ్ 5.6 లేదా 6.3. ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె, ఆటోలో వదిలి, పైహద్దు 3200 పెట్టండి. మసక పొద్దులో కాస్త గరుకు వస్తే రానివ్వండి. గరుకును ఇంట్లో తగ్గించొచ్చు, వణికిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ నిరంతరం వెంటాడే మోడ్‌లో ఉండాలి, గురి కంటి మీద. రా ఫైల్, అంటే కెమెరా కుదించకుండా దాచే ఫైల్, తీయండి.

అందరూ బోల్తా పడేది తెల్లకొంగ దగ్గర. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ చిన్నగా ఉందనుకోండి. కెమెరా ఆ నలుపును చూసి, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. కొంగ సున్నం కొట్టిన గోడలా వస్తుంది, ఒక్క ఈక కనబడదు. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా దించండి. అదే కొంగ ఫ్రేమంతా నిండితే కథ తిరగబడుతుంది. ఈసారి కెమెరా తెలుపును చూసి వెలుతురు తగ్గిస్తుంది, కొంగ బూడిద రంగులోకి పోతుంది, అప్పుడు కాస్త ప్లస్. మెరిసే నీళ్ల ముందు నీటికాకికి కూడా ప్లస్ 1. ఒక ఫొటో తీసి స్క్రీన్ మీద తెల్లగా మాడిన చోట్లు మిణుకుమనేలా పెట్టుకుంటే ఎప్పుడు తప్పుతున్నారో వెంటనే తెలుస్తుంది.

8. లకుముకి పాఠం

మా తూము దగ్గర ఒక విరిగిన వెదురు గుంజ ఉంది. తెల్లరొమ్ము లకుముకి, గోధుమ రంగు తల, ఎర్రటి ముక్కు, నీలి వీపు, రోజూ ఏడు దాటాక దాని మీదికి వస్తుంది. లకుముకితో ఉన్న సుఖం ఇదే. చేపకు దూకినా, మనిషికి బెదిరినా, చాలాసార్లు మళ్లీ అదే గుంజకు వస్తుంది. కాబట్టి పిట్టను వెంటాడే పని లేదు, గుంజను కాయాలి.

అది రాకముందే చేరి, గుంజ చివర మీద ఫోకస్ పెట్టి చూసుకోండి. వెనక ఏముందో చూడండి. గుంజకు వెనక దూరంగా ఉన్న జమ్ము అయితే మెత్తటి పచ్చదనంగా కరిగిపోతుంది, దగ్గరి ముళ్లకంప అయితే పిట్టను తినేస్తుంది. ఒక అడుగు ఎడమకు జరిగితే ఇది మారిపోతుంది. పిట్ట వచ్చాక మొదటి రాకకు తీయకండి. షట్టర్ చప్పుడుకు బెదిరితే ఆ పూటకు అంతే. రెండోసారి ఒకటి రెండు తీయండి. మూడోసారికి అది మిమ్మల్ని మరిచిపోతుంది.

దూకే క్షణం తీయాలని మొదట్లో అందరికీ ఆశ. రెప్పపాటులో అయిపోయేది అది. దాని బదులు తిరిగి వచ్చాక చూడండి. చేపను అడ్డంగా పట్టుకుని గుంజకేసి ఈ పక్కా ఆ పక్కా బాదుతుంది, మెత్తబడ్డాక తిప్పి తల వైపు నుంచి మింగుతుంది, రెక్క ముళ్లు గొంతుకు అడ్డం పడకుండా. ఒక్కోసారి బాదడం నిమిషం దాకా సాగుతుంది, మీకు కావలసినంత సమయం. 1/2000 ఉంటే ఎగిరే నీటి చుక్కలు కూడా నిలబడతాయి. నలుపుతెలుపు లకుముకి అయితే నీళ్ల మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది. ఎగిరే ఫొటోలు నేర్చుకోవడానికి దానికి మించిన గురువు లేదు.

9. పక్షులు రాని వేళ

తొమ్మిది దాటాక తూనీగలు. ఇవీ లకుముకి లాంటివే, లేచినా అదే పుల్లకు వస్తాయి. నడినెత్తి ఎండలో కొన్ని తోకను నిట్టనిలువుగా ఆకాశానికి ఎత్తుతాయి. ఒంటి మీద పడే ఎండ తగ్గించుకోవడానికి అది. వాటి కంటి మట్టానికి వంగి తీయండి.

తొలి గట్టి వాన పడిన రాత్రి చెరువు పక్క గుంటల్లో బోదురు కప్పల గోల మొదలవుతుంది. మగవి నిమ్మపండు రంగులోకి మారిపోతాయి. టార్చి వేసుకుని, తోడు తీసుకుని పోండి. కప్పల కోసం పాములూ వస్తాయి. నీటి పాముకు విషం లేదు గానీ గట్టిగా కరుస్తుంది. కట్ట గడ్డిలో రక్తపింజరి, నాగుపాము ఉంటాయి. బూట్లు, మందపాటి ప్యాంటు, కర్రతో గడ్డి తట్టుకుంటూ నడక. కరిస్తే నేరుగా పెద్దాసుపత్రికే. కోయడం, కట్టడం, నాటు మందు, ఏవీ వద్దు.

10. మనుషులు, గూళ్లు, బురద

చెరువు మీది కాదు. అక్కడ బట్టలు ఉతికేవాళ్లు, గేదెలు తోలేవాళ్లు, కాలకృత్యాలకు వచ్చేవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు ఉన్న రేవు వైపు లెన్సు తిప్పకండి, వాళ్లు పోయేదాకా ఆగండి. మొదటి రోజే కనబడిన పెద్దాయన్ని పలకరించి ఏం చేస్తున్నారో చెప్పండి. "ఏంటికి తీస్తా ఉండారు" అని అడిగితే స్క్రీన్ మీద ఫొటో చూపించండి. చేప వేలం పాడుకున్నవాళ్లకు మనమీద అనుమానం సహజం.

గూడు కనిపిస్తే దూరం నుంచి ఒక ఫొటో, అంతే. అడ్డం ఉన్న ఆకు తుంచితే కాకికి దారి చూపినట్టే. ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పించడం, డ్రోన్ ఎగరేయడం కూడా మానండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం షెడ్యూళ్లలోని పక్షుల గూళ్లు, గుడ్లు పాడు చేయడం నేరం కూడా.

చెరువు ఎండుతున్నప్పుడు పైన పెళుసుగా ఎండి, కింద ఊబిగా ఉండే నేల ఉంటుంది. గేదెల గిట్టల గుర్తులు లేని చోట కాలు పెట్టొద్దు.

11. ఇంటికి వచ్చాక

అదే రోజు చూసి తీసేయండి. కంటి మీద ఫోకస్ లేనిది, వందల్లో ఒకేలాంటివి, అన్నీ పోవాలి. పదింటిలో ఒకటి మిగిలితే మంచి రోజు. తర్వాత ఈబర్డ్ అనే పక్షుల జాబితాల వెబ్‌సైట్‌లో ఆ రోజు జాబితా పెట్టండి, తేదీ, వేళ, ఎన్ని కనిపించాయో. మామూలు కొంగలైనా రాయండి. పదేళ్ల తర్వాత ఆ చెరువు మీద ఎవరైనా ప్లాటు వేయబోతే ఇక్కడ ఏముండేదో చెప్పే కాగితం అదే. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. మీ కుంటనూ అందులో లెక్కపెట్టొచ్చు. గూడు ఫొటో పంచుకునేటప్పుడు మాత్రం లొకేషన్ తీసేయండి.

ఇంకొక్క పని. చెరువు దగ్గరి మనుషులకు ఫొటో ప్రింటు వేయించి ఇవ్వండి. పోయిన సంక్రాంతికి నేను ట్యూబు మీద ఆయనకు ఒకటి ఇచ్చాను. పొగమంచులో ఆయన, పక్కన మోడు మీద రెక్కలు చాచిన నాలుగు నీటికాకులు, వల గాల్లో విచ్చుకుంటోంది. నా ఫొటోల్లో నాకు నచ్చిన ఒకటి రెండింట్లో అదొకటి. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకుని తీసుకున్నాడు, చాలాసేపు చూశాడు.

"ఈ ఏటు సరిగ్గా పళ్లేదు సామీ. ఇంకోసారి బాగా ఇసిరినప్పుడు తీయండి" అన్నాడు.